92 అని రాసిన చోట

2007 వేసవిలో నేను మొదటిసారి డబ్బులకు సర్వే పని చేశాను. అప్పటికి పీహెచ్‌డీలో చేరి ఏడాది కూడా కాలేదు. ఉపాధి హామీ పథకం అంతకు ముందు ఏడు, 2006 ఫిబ్రవరి 2న, మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. దేశంలో అన్నిటికంటే ముందు ఇక్కడ మొదలైంది కాబట్టి మా ఊళ్ళ వెంట పరిశోధకులు, ప్రాజెక్టులవాళ్ళు బాగా తిరిగేవాళ్ళు. అలాంటి ఒక ప్రాజెక్టులో నాకు ఇన్వెస్టిగేటర్ పని దొరికింది. నింపిన ఫారానికి ఇంత అని లెక్క. రోజుకు పది నింపితే బస్సు చార్జీలు పోను హాస్టల్ మెస్ బిల్లు గట్టెక్కేది.

ఫారంలో మొదటి పేజీ కుటుంబ సభ్యుల పట్టిక. మనిషికి ఒక వరుస. పేరు, వయసు, చదువు, పని. పని అనే గడిలో మాటలు రాయకూడదు, అంకె వెయ్యాలి. కేంద్ర ప్రభుత్వం చేయించే జాతీయ నమూనా సర్వే వాడే కోడ్‌లే మాకూ ఇచ్చారు. సొంతంగా సేద్యమో వ్యాపారమో చేసుకుంటే 11. ఇంటి సేద్యంలో జీతం లేకుండా సాయపడితే 21. కూలికి పోతే 51. చదువుకుంటుంటే 91. ఇంటిపని మాత్రమే చేసుకుంటుంటే 92.

గడప ముందు నిలబడే అడిగేదాన్ని. మగాయన బయటికి వచ్చేవాడు.

"మీ ఇంటామె ఏం చేస్తాదన్నా?"

"ఏం చేస్తాదమ్మా, ఇంటికాడే ఉంటాది."

92. తర్వాతి వరుస.

ఒక ఇంట్లో ఆయన ఆ మాట అంటుండగానే ఆవిడ నెత్తిన గడ్డిమోపుతో సందు మలుపు తిరిగి వచ్చింది. మోపు కొట్టం దగ్గర పడేసి, చెంగుతో మొహం తుడుచుకుని, నాకు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను ఆ నీళ్ళు తాగి, పైన వేసిన 92 అలాగే ఉంచి, పక్కింటికి వెళ్ళాను. ఆ వేసవిలో అలా ఎన్ని వందల 92లు వేశానో నాకే తెలియదు. అవన్నీ కూడికలయ్యాయి, శాతాలయ్యాయి, రిపోర్టు అచ్చయింది. అందులో ఆ ఊళ్ళ ఆడవాళ్ళలో చాలామంది పనిచేసేవాళ్ళ లెక్కలోకి రాలేదు. ఆ పట్టిక కింద నా పేరు ఉండదు. కానీ ఆ అంకెలు నా చేతిరాతవి.

నాకు ఆ ఏడు తెలియనిదీ, తెలుసుకోవాల్సిందీ ఒకటుంది. ఆ కోడ్‌లలో 93 అని ఇంకొకటి ఉంటుంది. ఇంటిపనితో పాటు కట్టెలు, కూరాకు, పశువుల మేత లాంటివి తెచ్చుకునేవాళ్ళకు, ఇంటి అవసరానికి బట్టలు కుట్టడం లాంటివి చేసేవాళ్ళకు అది. అంటే గడ్డిమోపు మోసుకొచ్చిన ఆవిడకు తక్కువలో తక్కువ 93 పడాలి. ఆ మేత తిన్న ఎనుము పాలు అమ్ముతుంటే, అప్పుడు ఆవిడ ఇంటి వ్యాపారంలో పనిచేస్తున్నట్టే, 21 పడాలి. 92, 93 రెండూ శ్రామికుల లెక్కకు బయటే. 21 మాత్రం లోపల. గడ్డి ఎవరికోసం, పాలు ఎక్కడికి పోతాయి అని ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉంటే ఆవిడ గీత దాటి లోపలికి వచ్చేది. ఆ రెండు ప్రశ్నలకు పట్టేది రెండు నిమిషాలు.

2012లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. గ్రామీణ సమాజశాస్త్రం, గ్రామీణాభివృద్ధి, పరిశోధనా పద్ధతులు నా సబ్జెక్టులు. పరిశోధనా పద్ధతుల్లో సగం స్టాటిస్టిక్సే. ఆ పేపరంటే పిల్లలకు టెన్షన్. మా ఎం.ఏ.కు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు మీడియం. ఇంటర్‌లో హెచ్‌ఈసీ, డిగ్రీలో బీఏ. లెక్కలతో వాళ్ళ సంబంధం పదో తరగతితో తెగిపోయి ఉంటుంది. సగటు, మధ్యగతం, బాహుళకం అన్న మాటలు గుర్తుంటాయి, అవి ఎందుకో గుర్తుండదు. మొదటి రెండేళ్ళు నేనూ ఫార్ములాతోనే మొదలుపెట్టేదాన్ని. బోర్డు మీద సిగ్మా గుర్తు వెయ్యగానే వెనక బెంచీల్లో తలలు వాలిపోయేవి.

తర్వాత సిగ్మా మానేసి ఎకరాలతో మొదలుపెట్టాను. ఒక వీధిలో పది ఇళ్ళు. తొమ్మిది ఇళ్ళకు రెండేసి ఎకరాలు, పదో ఇంటికి 52. మొత్తం 70 ఎకరాలు, సగటు ఏడు. ఇప్పుడు చెప్పండి, ఈ వీధిలో ఏడెకరాల రైతు ఏ ఇంట్లో ఉన్నాడు? ఎవరూ లేరు. పది ఇళ్ళనూ భూమి ప్రకారం వరుసలో నిలబెట్టి మధ్యలో చూస్తే రెండెకరాలు. అదీ మధ్యగతం. ఇది చెప్పిన రోజు తలలు వాలలేదు. ఎందుకంటే ఆ పదో ఇల్లు ఎవరిదో ప్రతి పిల్లవాడికీ వాళ్ళ ఊళ్ళో తెలుసు.

2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే 77వ రౌండు లెక్కలు 2021లో వచ్చాక ఈ పాఠానికి ఇంకో ముడి పడింది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబానికి సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. దేశం మొత్తం సగటు 74,121. మన రాష్ట్రంలో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పులో ఉన్నాయి. ఈ అంకెలు బోర్డు మీద రాయగానే ఒక అబ్బాయి లేచాడు. "మేడమ్, మాకు రెండెకరాలు. మా నాయనకు రెండున్నర లక్షల అప్పు బ్యాంకు ఇయ్యదు. మరి ఈ అప్పు ఎవరిది?" నేను ఒక గంట పాఠంలో రాబట్టాలనుకున్న ప్రశ్నను వాడు ఒక్క నిమిషంలో అడిగేశాడు. ఇది సగటు. పెద్ద అప్పులు దీన్ని పైకి లాగుతాయి. ఆ అప్పులో బ్యాంకుదెంత, వడ్డీవ్యాపారిదెంత అని విడదీస్తే తప్ప అది కష్టమో, పరపతో తెలియదు. అసలు 'వ్యవసాయ కుటుంబం' అంటే ఆ సర్వేలో ఎవరు? ఏడాదిలో సేద్యం, పాడి వగైరాల మీద 4,000 రూపాయల కంటే ఎక్కువ విలువైన ఉత్పత్తి వచ్చి, ఇంట్లో కనీసం ఒకరు సొంతంగా ఆ పనిలో ఉన్న కుటుంబం. ఆ గీత గీసినవాళ్ళు మనుషులే. గీత జరిపితే లెక్క జరుగుతుంది. అందరూ వాడే అంకె దగ్గరికి వెళ్ళినప్పుడు మొదట గీత ఎక్కడుందో వెతకమని పిల్లలకు చెబుతాను. ఆ అలవాటు ఒక్కటి పట్టుబడితే చాలు, స్టాండర్డ్ డీవియేషన్ కంప్యూటరైనా చేసిపెడుతుంది.

ఇంకో పాఠం అమ్మల మీద. ప్రతి ఏటా మొదటి వారంలో ఒక చీటీ ఇచ్చి, నాన్న ఏం చేస్తారు, అమ్మ ఏం చేస్తారు అని రాయమంటాను. రైతు, కూలీ, ఆటో డ్రైవర్, కండక్టర్, మేస్త్రీ, ఇలా నాన్నల వైపు రకరకాలు వస్తాయి. అమ్మల వైపు దాదాపు ఒకటే మాట. గృహిణి. చీటీలు తీసుకుని ఇంకో కాగితం ఇస్తాను. దాని మీద పొద్దున నాలుగు గంటల నుంచి మర్నాడు పొద్దున నాలుగు దాకా అరగంటకు ఒక గడి ఉంటుంది. 2019లో దేశమంతటా జరిగిన టైమ్ యూజ్ సర్వేలో గడులు అలాగే పెట్టారు. ఇంటికి ఫోన్ చేసి అమ్మ నిన్నంతా ఏమేం చేసిందో అడిగి గడులు నింపుకురండి అంటాను.

మర్నాడు క్లాసులో నిశ్శబ్దంగా ఉంటుంది. కదిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ కాగితం ఇవ్వడానికి లేచి, మాట రాక మళ్ళీ కూర్చుంది. వాళ్ళమ్మ నిన్న ఎనిమిది గంటలు కంది చేలో ఉంది. ఆ అమ్మాయి 'గృహిణి' అని రాసింది. నేను ఆ పిల్లను తప్పుపట్టలేదు. నేనూ నా అడ్మిషన్ ఫారాలన్నిటి మీదా అదే రాశాను.

క్లాసు గదిలో ఇంతవరకే అవుతుంది. మిగతాది ఊరికి పోతేనే. ఉస్మానియా నుంచి మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే గారు 1950ల మొదట్లో వేర్వేరు శాఖలవాళ్ళను వెంటేసుకుని శామీర్‌పేటకు వెళ్ళారు. హైదరాబాద్‌కు అంత దగ్గరి పల్లెను అంత శ్రద్ధగా చదివిన ఆ పని 1955లో పుస్తకమైంది. మన దగ్గర సోషియాలజీ చదివే ఎవరికైనా ఊరికి పోవడం సిలబస్‌లో అదనపు సరదా కాదని నా గట్టి నమ్మకం.

మొదటిసారి 2016 జనవరిలో పద్దెనిమిది మంది పిల్లలతో మా జిల్లాలోనే ఒక ఊరికి వెళ్ళాను. ఊరి పేరు చెప్పను, వాళ్ళకు నేనిచ్చిన మాట అది. మొదటి పని ఇళ్ళ జాబితా. పంచాయతీలో జాబితా ఉంది కదా అని పిల్లలు అడిగారు. ఉంది, కానీ అది ఇంటిపన్ను కట్టే గోడల జాబితా. మనకు కావాల్సింది కుటుంబాల జాబితా. సర్వే భాషలో కుటుంబమంటే ఒక కప్పు కింద ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు. అందుకని ఇంటికి వెళ్ళి మొదట అడగాల్సింది "ఎంతమంది ఉంటారు" అని కాదు, "పొయ్యిలెన్ని" అని.

ఈ ప్రశ్న మామూలుది కాదు. ఒక ఇంట్లో ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, పిల్లలు, అందరూ కలిసే ఉన్నామన్నారు. మా పిల్లలు ఒక కుటుంబమని రాసుకుని బయటికి వస్తుంటే పెరట్లో రేకుల పంచన మూడు రాళ్ళ పొయ్యి మీద సంగటి గెలుకుతూ ఒక అవ్వ కనిపించింది. అదే ఇల్లు. పొయ్యి వేరు. బియ్యం కార్డు కొడుకుల దగ్గర. "నాకు పళ్ళు లేవు, మెత్తగా కావల్ల, అందుకే ఏరేగా వండుకుంటా" అంది అవ్వ. కోడళ్ళ మొహం చూడకుండా అంది. పిల్లలు ఆమెను వేరే కుటుంబంగా రాశారు. మా జాబితాలో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళ సంఖ్య పంచాయతీ కాగితాల్లో ఉన్నదానికంటే ఎక్కువ రావడానికి ఇలాంటి పొయ్యిలే కారణం.

జాబితా ఎటునుంచి మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. ఊరి పెద్ద ఒకాయన మంచిగానే పలకరించి, తనే నాలుగిళ్ళు చూపిస్తానన్నాడు. "ఎస్సీ కాలనీ దూరం మేడమ్, ఎండలో పిల్లోళ్ళు ఏంటికి తిరగల్ల, ఈడే అన్ని రకాలోళ్ళు ఉండారు" అన్నాడు. పిల్లల్లో కొంతమంది మొహాల్లో ఆశ కనిపించింది కూడా. అప్పటినుంచి నేను జాబితా ఎప్పుడూ ఊరి చివర, కాలనీలోని ఆఖరి ఇంటి నుంచే మొదలుపెట్టిస్తున్నాను. పొద్దున పిల్లలు ఓపికగా, చల్లగా ఉన్నప్పుడు వెళ్ళేది అక్కడికే. అలసిపోయి తప్పులు రాసే సాయంత్రం వేళకు పెద్దవీధికి వస్తారు.

శాంపిల్ తియ్యడం ఒక పండగలా జరిగింది. రెండువందల పైచిలుకు కుటుంబాలు, నాలుగింటికి ఒకటి కావాలి. 1 నుంచి 4 దాకా చీటీలు రాసి అంగన్‌వాడీ పిల్లతో తీయించాం. 3 వచ్చింది. మూడో ఇల్లు, ఏడో ఇల్లు, పదకొండో ఇల్లు, అలా జాబితా చివరిదాకా. "మమ్మల్ని ఏంటికి రాసుకోలేదు? పింఛన్లు మాకు రావా?" అని వదిలేసిన ఇళ్ళవాళ్ళు వెంటపడ్డారు. ఇది పింఛను కోసం కాదు, ఇల్లు శాంక్షన్ చెయ్యడానికి కాదు, మావల్ల మీకు పైసా రాదు అని ప్రతి ఇంటిముందూ చెప్పమన్నాను. చెప్పాక కూడా కూర్చోమని చాప వేసినవాళ్ళే ఎక్కువ.

తప్పు జరిగింది ఇక్కడే. శాంపిల్‌లో వచ్చిన ఇళ్ళలో కొన్నిటికి తాళాలున్నాయి. పిల్లలు పక్కింటివాళ్ళను అడిగి ఫారం నింపుకొచ్చారు. లేదంటే శాంపిల్‌లో లేని పక్కింటికే వెళ్ళి ఆ ఇంటి ఫారం నింపుకొచ్చారు. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అన్ని ఫారాలూ నిండాయని సంతోషపడ్డాను. యూనివర్సిటీకి వచ్చి లెక్క తీస్తే ఆ ఊరినుంచి వలస దాదాపు లేదని వచ్చింది! శనక్కాయ పంట నవంబరులో ఇంటికి చేరాక జనవరిలో మా జిల్లా పల్లెల నుంచి బెంగుళూరుకు ఎంతమంది పోతారో బస్టాండులో నిలబడితే తెలుస్తుంది. మరి మా కాగితంలో వలస ఎందుకు లేదు? వలస పోయినవాళ్ళ ఇళ్ళకే తాళాలున్నాయి కాబట్టి. వాళ్ళను వదిలేసి, ఊళ్ళో మిగిలినవాళ్ళను వలస గురించి అడిగాం.

ఆ రిపోర్టును నేను వెయ్యనివ్వలేదు. మళ్ళీ ఊరికి వెళ్ళి తాళం వేసిన ప్రతి ఇంటికీ ఒక వరుస రాయించాను. ఎవరు పోయారు, ఎప్పుడు, ఎక్కడికి, ముసలివాళ్ళను ఎవరి దగ్గర వదిలారు, పిల్లలు బడి మానారా. పక్కింటివాళ్ళు చెప్పింది పక్కింటివాళ్ళు చెప్పినట్టుగానే, వేరే రంగు పెన్నుతో. ఇప్పుడు మా ఫారం మొదటి పేజీ మీద తాళానికి ఒక గడి ఉంది.

రెండోసారి అదే ఊరికి 2023 మే నెలాఖరులో, పరీక్షలయ్యాక, ఇంకో బ్యాచ్‌తో వెళ్ళాను. ఈసారి నా మనసులో ఉన్నది 2007. అదే ఊరు, అదే వారం, అడిగే తీరు మారిస్తే ఆడవాళ్ళ పని లెక్క ఎంత మారుతుందో పిల్లల కళ్ళతో చూపించాలనుకున్నాను. ఇందులో పద్ధతి నాది కాదు. స్టాటిస్టిక్స్ పండితుడు మహలనోబిస్ గారు బెంగాల్ జనపనార సర్వేల కాలంలోనే శాంపిల్‌ను రెండు పాయలు చేసి, రెండు బృందాలతో వేర్వేరుగా లెక్క కట్టించేవారు. రెండూ దగ్గరగా వస్తే నమ్మకం, దూరంగా వస్తే ఎక్కడో తేడా ఉన్నట్టు. నేను ఆ ఆలోచనను కొంచెం మార్చాను. చీటీలు వేసి శాంపిల్ ఇళ్ళను రెండు భాగాలు చేశాం. సగం ఇళ్ళలో పచ్చ ఫారం. తలుపు తీసినవాళ్ళను, ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారని ఒక్క ప్రశ్న అడగడం, కోడ్ వెయ్యడం, నేను 2007లో చేసినట్టే. మిగతా సగం ఇళ్ళలో తెల్ల ఫారం. ఆడమనిషినే అడగాలి, కూర్చునే అడగాలి, నిద్రలేచిన దగ్గర్నుంచి అడగాలి.

పచ్చ ఫారాలవాళ్ళు మధ్యాహ్నానికల్లా ముగించుకుని వచ్చారు. తెల్ల ఫారాలవాళ్ళు రాత్రి ఎనిమిదైనా రాలేదు. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా ఆడవాళ్ళంతా కరువు పనిలో ఉన్నారు (మా వైపు ఉపాధి పనిని ఇప్పటికీ కరువు పనే అంటారు). వాళ్ళు వచ్చి, వండి, తిన్నాకే మాటలు.

మూడో రోజు, పచ్చ ఫారం పడిన ఇళ్ళకు కూడా తెల్ల ఫారం పట్టుకుని వెళ్ళమన్నాను. ఏ ఇంటినీ పచ్చ ఫారంతో వదిలేసి రావడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక ఇంటికి నేనూ వెళ్ళాను. పచ్చ ఫారంలో ఆ ఇంటాయన తన పని సేద్యం, పాడి అని, భార్య పని ఏమీ లేదని చెప్పాడు. 92.

ఆవిడ అరుగు మీద గోనెసంచి పరుచుకుని కూర్చుని ఉంది. ముందు శనక్కాయల కుప్ప, పక్కన చేటలో గింజలు, ఇంకో పక్క పొట్టు. బొటనవేలికి, చూపుడువేలికి గుడ్డపీలికలు చుట్టుకుంది. కాయ కొసన నొక్కితే చిట్ అని విచ్చుకుంటుంది, గింజలు చేటలో పడతాయి. విత్తనానికి కాబట్టి గింజ పగలకూడదు, పైపొర ఊడకూడదు, అందుకే మిషన్‌కు వెయ్యకుండా చేత్తో వొలిపిస్తారు. మాతో వచ్చిన అమ్మాయి ఫారం తీసి, "ఏం పని చేస్తారక్కా?" అని అడిగింది.

"ఏం పనమ్మా, ఊరికే కూర్చోనుండా" అంది ఆవిడ. చేతులు ఆగలేదు.

ఆ అమ్మాయి ఒక్క క్షణం నావైపు చూసింది. తర్వాత నేను నేర్పని పని చేసింది. ఫారం గోడకు ఆనించి, కింద కూర్చుని తనూ రెండు గుప్పిళ్ళు కాయలు ముందేసుకుంది. "అట్ల కాదు పాపా, ముక్కు కాడ నొక్కల్ల" అని ఆవిడ చూపించింది. ఇక మాటలు వాటంతటవే వచ్చాయి. కాయలు పైవీధి రైతువి. సేరుకు ఇంత అని కూలి. మే నెలంతా ఇదే పని, జూన్‌లో వాన పడి విత్తనం వేసేదాకా. నాలుగింటికి లేస్తుంది. కసువు ఊడ్చి, ఎనుము పాలు పిండి కేంద్రానికి పోస్తుంది. పాల కార్డు ఆయన పేరు మీద. ఆరింటికి కరువు పని. పదకొండుకు వచ్చి వంట. మధ్యాహ్నం వొలుపు. నాలుగింటికి గడ్డి. మళ్ళీ పాలు. రాత్రి భోజనాలయ్యాక ఇంకో గంట వొలుపు, టీవీ చూస్తూ.

జాతీయ సర్వే నియమం ప్రకారం ముఖ్యమైన పని వేరే ఉన్నా సరే, ఏడాదిలో 30 రోజులు ఇంకో పని చేస్తే ఆ మనిషి పనిచేసేవాళ్ళ లెక్కలోకి రావాలి. వొలుపు ఒక్కదానితోనే ఆవిడ లోపలికి వస్తుంది. పాలతో వస్తుంది. ఉపాధి పనితో వస్తుంది, దానికైతే 42 అని విడిగా కోడే ఉంది. మూడు దారుల్లో లోపలికి రావాల్సిన మనిషిని ఒక ప్రశ్న బయట నిలబెట్టింది.

డేటా ఎంట్రీలో ఇంకో రెండు వారాలు పోయాయి. 'తెలియదు' అన్న జవాబుకు 999 అని వెయ్యమన్నాం. అది తీసెయ్యకుండానే ఒక అబ్బాయి సగటు కట్టాడు. వంద రోజుల పథకంలో సగటున వందకు మించి రోజులు పని దొరికిందని వచ్చింది. వాడే పట్టుకున్నాడు. అంకె చూడగానే ఇది కుదరదే అని అనిపించిందట. ఆ అనిపించడం కోసమే నేను పిల్లల్ని ఊరికి తీసుకెళ్ళేది.

పచ్చ ఫారాల్లో ఆడవాళ్ళ వరుసల్లో ఎక్కువ భాగం 92. తెల్ల ఫారాల్లో 92 పడినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, ఎక్కువగా పురుటికి వచ్చినవాళ్ళు, మంచం పట్టిన ముసలివాళ్ళను చూసుకుంటున్నవాళ్ళు. ఇంత తేడా చీటీల అదృష్టం వల్ల రావచ్చా అని అడగడానికే కై స్క్వేర్ పరీక్ష. ఆ రోజు ఆ ఫార్ములాను బోర్డు మీద రాస్తే అందరూ ముందుకు జరిగి కూర్చున్నారు. అది వాళ్ళ లెక్క మరి. ఇది ఒక ఊరి లెక్కే, దీన్ని జిల్లాకు అంటించకూడదని కూడా వాళ్ళచేతే రిపోర్టులో రాయించాను.

దేశం లెక్కలు చదివేటప్పుడు ఇది నాకు పనికొస్తుంది. పనిచేసేవాళ్ళ మీద కేంద్రం చేయించే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ప్రకారం పల్లెల్లో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో శ్రామికశక్తిలో ఉన్నవాళ్ళు 2017-18లో 24.6 శాతం, 2023-24లో 47.6 శాతం. ఆరేళ్ళలో దాదాపు రెట్టింపు. దాన్ని ప్రగతి అనేవాళ్ళున్నారు, కరోనా తర్వాత ఇల్లు గడవక పనిలోకి దిగారనేవాళ్ళున్నారు. పెరిగినవాళ్ళలో ఎక్కువమంది సొంత సేద్యంలో, ఇంటి పనుల్లో జీతం లేకుండా సాయపడేవాళ్ళ వైపే కనిపిస్తున్నారు కాబట్టి ఇంకో ప్రశ్న అడగకుండా ఉండలేను. వీళ్ళలో ఎంతమంది కొత్తగా పనిలోకి వచ్చారు, ఎంతమంది ఎప్పటినుంచో చేస్తున్న పని ఇప్పుడు కాగితం మీదికి వచ్చింది? 2024 టైమ్ యూజ్ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానిమీద రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ 289 నిమిషాలు ఏ శ్రామికుల శాతంలోనూ లేవు.

2023 జులైలో మా లెక్కలన్నీ ఒక పెద్ద చార్టు మీద రాసుకుని ఊరికి తిరిగి వెళ్ళాం. ఊరివాళ్ళ దగ్గర తీసుకున్నది ఊరివాళ్ళకు చదివి వినిపించకుండా ఏ రిపోర్టూ వెయ్యకూడదన్నది 2016 తర్వాత నేను పెట్టుకున్న నియమం. వానలు పడి విత్తనం వేశారు. చీకటి పడ్డాక రామాలయం ముందు ట్యూబ్‌లైట్ కింద కూర్చున్నారు. ఆడవాళ్ళు ఒక పక్కగా, దూరంగా. ఊళ్ళో ఆడవాళ్ళు సగటున రోజుకు ఎన్ని గంటలు పని చేస్తున్నారో మా అమ్మాయి గడులు చూపిస్తూ చదివింది. మగవాళ్ళలో ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన, "అన్ని గంటలు అయితాదా?" అని మెల్లగా అన్నాడు. ఆయన భార్య సమాధానం చెప్పలేదు.

శనక్కాయలు వొలిచినావిడ లేచి చార్టు దగ్గరికి వచ్చింది. చదవడం రాదు. గడుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ ఏందని అడిగింది. ఇది వంట, ఇది పాలు, ఇది కరువు పని, ఇది వొలుపు, ఇది గడ్డి. చివరిదాకా విని, "నీళ్ళు ఏవి?" అంది.

బిందెలు మొయ్యడం రాశామని అమ్మాయి చూపించింది.

"మోసేది కాదు పాపా. కాచుకోనుండేది. ఎప్పుడిడుస్తారో తెలీదు. బిందెలు పెట్టుకోని కూర్చుంటాము. నిద్రపోతే నీళ్ళు పాయె. అది యాడ రాసినారు?"

ఎక్కడా రాయలేదు. మా తెల్ల ఫారంలోనూ ఆ గడి లేదు. మెలకువగా ఉండటాన్ని మేం పని అనుకోలేదు. నాతో సహా ఎవరికీ తట్టలేదు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరి వీధికి ఏ రోజు వస్తాయో, ఎవరు ఎంతసేపు కాచుకున్నారో. అమ్మాయి చార్టు అడుగున ఖాళీ చూసుకుని స్కెచ్ పెన్నుతో కొత్త గీత గీసింది. ఎన్ని గంటలని రాయాలో తెలియక ఆవిడ వైపు చూసింది.

"మొన్న రాత్రి పదకొండుకు ఇడిసినారు. తొమ్మిదికి పోయి కూర్చుంటి. రాసుకో" అంది ఆవిడ.